నలభై రోజుల సున్నా

"నలభై రోజులుగా సున్నా! ఇక ఆ పెట్టె ఎవరికి ఉపయోగపడినట్టు?" గైడుగారు కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించారు. "రేపే నీ పీహెచ్‌డీ వైవా. పరీక్షకులు మొదట అడిగేది ఇదే. ఆ ఇంటి గురించి రాసిన అధ్యాయం రేపు చెప్పేదాంట్లోంచి తీసెయ్యమ్మా."

పరిశోధకురాలి అయిదేళ్ళ శ్రమ నిలబడిందే ఆ అధ్యాయం మీద. పక్షవాతంతో మాట ముద్దయిపోయినవాళ్ళు మాట్లాడితే, అది విని తెర మీద అక్షరాలుగా చూపించే పెట్టె తయారుచేసిందామె. ఆరు నెలల క్రితం ఒకరింట్లో పెట్టి వచ్చింది. రోజుకి ఎన్ని వాక్యాలు చూపించిందో ఆ లెక్క దానంతటదే ల్యాబ్‌కి వస్తుంది. రోజూ మూడువందలు వచ్చేవి. ఉన్నట్టుండి సున్నా. పరీక్ష చదువులో పడి తను చూసుకోలేదు.

"సాయంత్రంలోగా కనుక్కుని వస్తాను సార్," అని పరుగు తీసింది.

ఆ ఇల్లు గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయనది. ఆయన భార్య తలుపు తీసింది. కుట్టుపని మధ్యలో లేచొచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"రామ్మా రా! ఇప్పుడే నిన్ను తలుచుకున్నాం. నీకు నూరేళ్ళాయుష్షు!"

"నన్ను తలుచుకుంటే సరిపోయిందా పిన్నిగారూ? నా పెట్టెని పక్కన పడేశారేం?"

ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. పెట్టె బల్ల మీదే ఉంది, పూలగుడ్డ కప్పుకుని బుద్ధిగా. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు ఏదో అన్నాడు.

"వచ్చీ రాగానే తగువేమిటి, డాక్టరమ్మకి కుర్చీ వెయ్యవే అంటున్నారు," అంది ఆవిడ.

"ఇంకా డాక్టర్ని కాలేదు బాబాయిగారూ. మీ పుణ్యమా అని రేపు అవుతానో లేదో కూడా తెలీదు."

ఆయన మళ్ళీ ఏదో అన్నాడు.

"అయితే ఉత్త మంచినీళ్ళు చాలవు, కాఫీ ఇమ్మంటున్నారు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కాఫీ తెచ్చింది.

ఈలోగా పరిశోధకురాలు గుడ్డ తీసి మీట నొక్కింది. తెర వెలగలేదు.

"నిజం చెప్పేస్తానమ్మా," ఆవిడ కప్పు అందించి ఎదురుగా కూలబడింది. "అది పోయి నలభై రోజులైంది. తుడిచేటప్పుడు తడి తగిలిందేమో, నా చేతులు పడిపోను! చెబితే నువ్వు పరీక్షకి చదువుకోకుండా పరిగెత్తుకొస్తావని దాచాను. తిట్టమ్మా, పడతాను."

"అంటే మీకు నచ్చక మానెయ్యలేదా?"

"ఎంత మాట! అది రాకముందు ఏడాదిన్నర పాటు ఇది ఇల్లా? కిటికీ తెరవమంటే దుప్పటి కప్పేదాన్ని. ఈయన అరిచేవారు, నేను ఏడ్చేదాన్ని. నీ పెట్టె వచ్చాకే మేం మళ్ళీ మొగుడూ పెళ్ళాలమయ్యాం. ఈ జన్మకి నీ మేలు మరిచిపోలేం తల్లీ."

పెద్దాయన తలూపుతూ ఈసారి చాలాసేపు మాట్లాడాడు.

"ఈయనా అదే అంటున్నారు. నువ్వు చల్లగా ఉండాలట. రేపు ఎవరేం అడిగినా బెదరొద్దట. ఆగిన గడియారం కూడా రోజుకి రెండుసార్లు సరైన టైము చూపిస్తుంది, నువ్వు నడిచే గడియారానివి, నీకేం భయం అంటున్నారు."

కాఫీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పిన్నిగారూ, పెట్టె పోయి నలభై రోజులైందన్నారు కదా?"

"అవునమ్మా."

"మరి ఇందాకట్నుంచీ బాబాయిగారి మాటలు మీకెలా తెలుస్తున్నాయి?"

ఆవిడ భర్త వంక చూసింది. పెట్టె వంక చూసింది.

"ఏమోనమ్మా! అది పోయిన రోజు బెంబేలెత్తిపోయాను. ఈయన చెంబు అడిగారు, ఇచ్చాను. కళ్ళజోడు అడిగారు, ఇచ్చాను. ఇక ఆ సంగతే మర్చిపోయాను."

పరిశోధకురాలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పెట్టెకి తను నేర్పిన పద్ధతీ ఇదే. ముద్దమాట వినిపించాలి, పక్కనే అక్షరాలు చూపించాలి, వేలసార్లు. పెట్టెకి పదివేల వాక్యాలు కావలసి వచ్చాయి. ఈ ఇల్లాలు కుట్టుమిషను ముందు కూర్చుని నలభైవేలు విన్నది, చదివింది. గైడుగారు తీసెయ్యమన్న ఆ సున్నాయే తన పరిశోధన మొత్తంలోకీ మంచి ఫలితం.

"మీరు నా పెట్టె కంటే బాగా నేర్చుకున్నారు పిన్నిగారూ! రేపు వైవాలో ఇదే చెబుతాను. నన్ను గట్టెక్కించారు," అని ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గానీ, తనూ కళ్ళు తుడుచుకుంది.

పాడైన పెట్టె గురించి కూడా రెండు ముక్కలు రాయాలి కదా అని పరిశోధకురాలు అడుగు మూత విప్పింది. తడి లేదు. కాలిన వాసన లేదు. బియ్యపుగింజంత ఫ్యూజు ఒక్కటే దాని చోట లేదు. ఎవరో పువ్వు కోసినంత నాజూగ్గా ఊడదీశారు.

తలెత్తి చూసింది. పెద్దాయనకి మాట పోయింది గానీ చేతులు పోలేదు. ఆయన ఇక తప్పదన్నట్టు నెమ్మదిగా నాలుగు మాటలు అన్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఏమన్నారు పిన్నిగారూ?"

"ఏం లేదులే. ముసలాయన వేళాకోళం."

"చెప్పాలి. రేపు నన్ను అడుగుతారు."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది ఉన్నన్నాళ్ళూ, తను నోరు విప్పితే చాలు, నేను దాని మొహమే చూసేదాన్నట."