పైడమ్మ నకలు

మన మనవలు ముసలివాళ్లయ్యేనాటి మాట. విశాఖలో ఏ వీధికి ముందు కుళాయి నీళ్లు వదలాలో హాకీ ఆట తేల్చేది. ఆడేది మనుషులు కాదు, గోడ తెర మీద వాళ్ల నకళ్లు. మనిషి బుద్ధి ఎలాంటిదో నకలు బుద్ధీ అచ్చం అలాంటిదే. జట్టును కూర్చి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో చూసే పని మెట్టవీధిలో గౌరీశ్వరిది. ఓడితే ఎండాకాలమంతా ఆఖరి వంతు, అడుగున మిగిలిన బురద నీళ్లే.

ఇంటి పెద్ద కదా అని గౌరీశ్వరి తన అత్త పైడమ్మ నకలును ముందు వరసలో పెట్టింది. ఆ నకలు బంతిని ఎవరికీ ఇవ్వకుండా మైదానమంతా ఊరేగించింది. అవతలి జట్టు గడ్డి మీద కూర్చుని కబుర్లాడుకుని, అది అలిసిపోయాక తీరిగ్గా లేచి, బంతి లాక్కుని గోలు కొట్టింది. సగం ఆటకే మూడు గోల్స్ పడ్డాయి.

గౌరీశ్వరి వేలు తెర దాకా వెళ్లి ఆగింది. పక్కనే పైడమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏటే అలా సూత్తావు? దాన్ని తీసీ."

"నువ్వు బాధపడతావేమోనని, అత్తా..."

"బీరువా తాళమే నీకియ్యలేదు, అది బంతిస్తాదేటి? నా బుద్ధి నాకు తెల్దా? తీసీయే!"

గౌరీశ్వరి అత్త నకలును తీసేసి, అడగనివాడికి కూడా సోడా కొట్టిచ్చే నూకరాజు నకలును దింపింది. బంతి అందరి కర్రలకీ అందింది. మెట్టవీధి నాలుగు గోల్స్ కొట్టి గెలిచింది.

మర్నాడు కుళాయి దగ్గర మొదటి బిందె పైడమ్మదే. వీధంతా వినేలా చెబుతోంది:

"నాను బైటికొచ్చీబట్టే గెలిసినాం. ఆట సంగతి కోడలికేటి తెలుసు!"