శనివారం చదివే పేర్లు

"శనివారం పూట గుమ్మంలోకి నీసు తెస్తావేటి?" అని జగన్నాధం గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

గేటు బయట ముసలామె నెత్తి మీది బుట్ట దించింది. ఎనభై ఐదేళ్ళు దాటి ఉంటాయి. ఆ వీధిలో ఆమెను అంతకుముందు చూసిన గుర్తు ఎవరికీ లేదు.

లోపల దీపం ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఉన్నారు.

జగన్నాధం రిటైరైన హెడ్మాస్టరు. పాఠం చెప్పడానికి పిల్లలు దొరక్క ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకున్నాడు. ప్రతి శనివారం సాయంత్రం దీపం పెట్టాలి, దేవుడి పాట ఒకటి పాడాలి. వంశంలో పెద్దల్లో ఒకరి పేరు చదివి, ఆ కథ చెప్పుకుని, ఆ పేరున ఒక సేవ చేయాలి. పన్నెండు వారాలకి పట్టిక వేసి గోడకి అంటించాడు.

పన్నెండూ మగవాళ్ళ పేర్లే.

ఆ వేళ ఆయన తండ్రి అసిరయ్య వంతు. ఆ కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. జగన్నాధం పుట్టిన పదకొండో రోజున తల్లి పోయింది. అసిరయ్య మళ్ళీ పెళ్ళి మాట ఎత్తకుండా, ఇంటి ఆవు పాలు పట్టి కొడుకుని సాకాడు. అందుకే ఆయన పేరున సేవ ఆవులకి పచ్చగడ్డి వేయడం.

కథ సరిగ్గా ఆవు దగ్గరికి వచ్చేసరికి ముసలామె గేటు తట్టింది.

"బాలింత ఉన్న ఇల్లు కదా. పాలసొర తెచ్చినాను" అంది.

బాలింత కోడలు హేమ. పాపకి నలభై రోజులు. తల్లి పాలు చాలడం లేదు, డబ్బా పాలు సరిపడటం లేదు, పిల్ల రోజంతా ఏడుపే. పాలసొర చేప తింటే పాలు పడతాయని హేమ పుట్టింటివాళ్ళు చెబుతూనే ఉన్నారు. మావగారు మాత్రం ఆవు పాలు పట్టమంటాడు. దానికి తానే సాక్ష్యమంటాడు.

ఇప్పుడు ముసలామెకీ అదే చెప్పాడు.

ఆమె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది.

"మీ అయ్య అలాగని సెప్పినాడేటి?" అంది. "సరే, పెద్దాయన మాటే ఉండనీ."

జగన్నాధానికి ఒళ్ళు మండింది. అయినా సేవ రోజు కదా అని, ఆకులో పులిహోర పెట్టించి, తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు.

ఆమె ఆకు ముట్టుకోలేదు. "ఈ ఇంట్లోంచి నానెప్పుడూ ఏటీ పట్టుకెళ్ళనేదు బాబూ. ఇప్పుడూ పట్టుకెళ్ళను" అని, తను తెచ్చిన పొట్లం గేటు పక్కన పెట్టి బుట్ట ఎత్తుకుంది.

హేమ పాపను భర్త చేతిలో పెట్టి లేచింది. మావగారి పక్క నుంచే గేటు దాటి పొట్లం అందుకుంది. భర్త మోహనకృష్ణ ఇవాళ శనివారమని గొణిగాడు.

"పాపకి శనివారం తెలీదండీ" అంది హేమ.

పెరట్లో మూడు రాళ్ళు పెట్టి వండుకుంది. ఆ పూట మావగారు అలిగి అన్నం మానేశాడు. కోడలు మాత్రం కడుపునిండా తింది.

ముసలామె వరసగా నాలుగు రోజులు వచ్చింది. పేరు కూర్మమ్మ అని చెప్పింది. సముద్రం ఒడ్డున పేటలో ఉంటుందట. లోపలికి రమ్మంటే గడప కేసి చూసి వద్దంది. మీ మావకి మోకాళ్ళ నొప్పులున్నాయా, నడక అలా ఉందేమని ఒకసారి అడిగింది.

నాలుగో రోజున పాప పాలు తాగుతూ తాగుతూనే నిద్రపోయింది. ఏడవకుండా నిద్రపోవడం అదే మొదలు.

ఆ తర్వాత కూర్మమ్మ రాలేదు.

వచ్చే శనివారం ఆవిణ్ణి పిలిచి దీపం ముందు కూర్చోబెడదామని, సేవంటే అదేనని హేమ అంది. వంశం కూడికలో చేపలావిడేమిటి, పట్టిక మారదు అన్నాడు జగన్నాధం.

"అయితే దీపం కూడా మీరే పెట్టుకోండి మావయ్యా" అని, శుక్రవారం పొద్దున్నే పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

పేటలో కూర్మమ్మ ఇంటి ముందు టెంటు వేసి ఉంది. ఆమె పోయి రెండు రోజులైంది.

హేమ కళ్ళు తుడుచుకుంది. ఏ ఇంటి కోడలో తెలియగానే మనవడు శివాజీ కుర్చీ తెచ్చి వేశాడు. నాయనమ్మ బుట్ట మానేసి పదేళ్ళయిందట. ఆ ఇంట్లో పసిపిల్ల పాలకి ఏడుస్తోందని ఎవరో అంటే విని, ఎంత వద్దన్నా ఆగకుండా మళ్ళీ ఎత్తిందట.

"మీ మావగారి తండ్రికి ఒట్టేసినాదమ్మా, ఎవరికీ సెప్పనని. అరవయ్యారేళ్ళు నోరిప్పనేదు. మా తాత నాకు సెప్పినాడు" అన్నాడు శివాజీ. "ఒట్టు ఆవిడది. నాది కాదు."

అంతా చెప్పాడు.

శనివారం దీపం జగన్నాధమే పెట్టుకున్నాడు. పట్టిక ప్రకారం తన తాత పేరు చదవబోతుంటే హేమ వచ్చి, గోడ మీది పట్టికలో అన్ని పేర్లకీ పైన పెన్నుతో కూర్మమ్మ అని రాసింది.

"ఆవిడ మన పెద్దల్లో ఏటవుతాది?" అన్నాడు జగన్నాధం కోపంగా.

హేమ పాపను ఆయన ఒళ్ళో పడుకోబెట్టింది.

"మీరు పుట్టినప్పుడు మీ అమ్మగారికని పాలసొర తెచ్చి, ఆమె పోయారని కూర్మమ్మ ఈ గుమ్మంలోనే విన్నది. అప్పటికి తన బిడ్డ పోయి నెల కాలేదు. లోపల మీ ఏడుపు విని బుట్ట దించింది. ఊరికి తెలియకూడదని మీ నాన్నగారు ఒట్టేయించుకుంటే, ఏడాది పాటు పెరటి తలుపు చాటున కూర్చుని మీకు పాలిచ్చి బతికించినది ఆవు కాదు మావయ్యా, ఆవిడే."