పద్మకుమారి పెళ్ళిచూపులు

“ట్రే నువ్వే పట్టుకెళ్ళాల. నిన్నటి ఆటలో నా మణికట్టు పట్టేసింది,” అంది పద్మకుమారి.

“పట్టేస్తే మంచిదే. ఆ వంకతోనైనా ఈ సంబంధం తప్పిపోతే రామతీర్థం కొండెక్కి కొబ్బరికాయ కొడతాను,” అంది నీలవేణి, కాఫీ గ్లాసులు ట్రేలో టకటకా పెడుతూ.

కోపం రాదూ మరి! నీలవేణిది ఆమదాలవలస. చదువుకోసం విజయనగరం వచ్చి, దూరపు చుట్టాలైన పద్మ వాళ్ళింట్లో ఉండిపోయింది. ఇద్దరూ పరికిణీల్లో ఉండగా, క్లబ్బులో టెన్నిసు ఆట నేర్పే మార్కరు జోగయ్య వాళ్ళ చేతుల్లో చెరో పాత రాకెట్టు పెట్టాడు. ఆనాటినుంచీ నెట్ దగ్గర నీలవేణి, వెనక పద్మ. గుంటూరెళ్ళినా, హైదరాబాదెళ్ళినా ఒకే పెట్టెతో వెళ్ళడం, కప్పుతో తిరిగి రావడం. రెండేళ్ళుగా ఆడవాళ్ళ డబుల్సులో రాష్ట్రానికి వాళ్ళే చాంపియన్లు. విడివిడిగా ఆడితే మాత్రం ఇద్దరూ మొదటి రౌండులోనే ఇంటికి! ఈ అరవై ఎనిమిది డిసెంబరులో మద్రాసులో అఖిల భారత పోటీలు. సరిగ్గా ఇప్పుడే ఈ బొబ్బిలివారు ఊడిపడాలా?

పిల్లకి చెప్పకుండా చూసిపోవడం ఆ ఇంటి పద్ధతట. నచ్చకపోతే పిల్ల మనసు కష్టపెట్టుకోకూడదని. పద్మనీ అలాగే ఏదో పోటీలో చూసిపోయారట, ఇవాళ చెప్పి మరీ వచ్చారు. పద్మ బొబ్బిలి వెళ్ళిపోతే నీలవేణి ఆట కూడా అక్కడితో సరి. ఆ సంగతి తలుచుకుంటేనే మూడు రోజులుగా అన్నం సహించడం లేదు పాపం.

ఇంతలో పద్మ తల్లి లక్ష్మణమ్మ వచ్చి నీలవేణి జడలో ఇన్ని కనకాంబరాలు తురిమింది.

“నాకెందుకత్తా?”

“నలుగురి ముందుకెళ్ళేదానివి, బోసి జడతో ఎల్తావేటి? సాల్లే, నడు.”

హాల్లో పెళ్ళికొడుకు తల్లి లక్ష్మీనరసమ్మ వాలుకుర్చీలో నిండుగా కూర్చుంది. పెద్దకొడుకు నరసింగరావు పేపరు తిరగేస్తున్నాడు. అదేం పెళ్ళికొడుకో, పద్మ వచ్చి ఎదురుగా కూర్చున్నా తలెత్తడే! చిన్నకొడుకు చినబాబు మాత్రం గోడమీది పోటీల ఫోటోలన్నీ తెగ చూస్తున్నాడు. ధాన్యం పనిమీద పొద్దున్న రైలుకి దిగిన నీలవేణి తండ్రి సూరయ్య, ఇస్త్రీ పంచెలో ఓ మూల బుద్ధిగా కూర్చున్నాడు.

కాఫీ తాగి లేచింది లక్ష్మీనరసమ్మ. “ఉక్కగా ఉంది. పెరడు సూపిస్తావేటమ్మా?” అని నీలవేణి భుజంమీద చెయ్యేసింది. వాళ్ళ వెనకే చినబాబూ బయల్దేరాడు.

“పద్మ నీ నేస్తమే కదా. ఎలాటి పిల్లో నిజం సెప్పు,” అందావిడ పెరట్లోకి రాగానే.

దేవుడే ఆవిడ చేత ఈ మాట అడిగించాడనుకుంది నీలవేణి.

“నిజం సెప్పాలంటే దానికి వంటింటి దారే తెలీదండి. తెల్లారగట్ల ఐదింటికి రాకెట్టు పట్టుకుని పోతాది.”

“మరి నువ్వో?”

తనని కలుపుకోకపోతే చాడీలా ఉంటుంది. “నేనూ అంతేనండి.”

“ఊళ్ళు కూడా తిరుగుతారట?”

“నెలకి పదిరోజులు రైళ్ళలోనే ఉంటామండి. ఎండకి మాడి బొగ్గులైపోతన్నాం, సూడండి.”

“అంపైర్లతో దెబ్బలాట కూడానటగా?” అన్నాడు చినబాబు.

“గీతమీద పడ్డ బంతిని అవుటంటే ఊరుకుంటామేటి?”

“ఊరుకోకూడదు. గుంటూరు ఫైనల్లో మీరు నెట్ దగ్గర ఎగిరి కొట్టిన ఆఖరి బంతి నేను సూసేను. అబ్బ, ఏం దెబ్బండీ అది!”

నీలవేణి మొహం ఎర్రబడింది. పెళ్ళికొడుకు ఈయనైనా కొంత నయంగా ఉండేదే అనిపించింది. ఛీ, ఏం ఆలోచనలివి అని తనని తనే తిట్టుకుంది.

“రేపు మొగుడు ఆట మానీమంటేనో?” అంది లక్ష్మీనరసమ్మ.

“పద్మ మానదండి. పేణం పోయినా మానదు.”

“నువ్వైతే?”

“నేనైతే వాణ్ణే మానేస్తాను!” అనేసి నాలిక్కరుచుకుంది.

లక్ష్మీనరసమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గబగబా లోపలికెళ్ళిపోయింది. అమ్మయ్య, చెడింది సంబంధం! నీలవేణికి ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చుట్టాలు బండెక్కి వెళ్ళాక గదిలో పద్మ మొహం చూసేసరికి దుఃఖం పొంగుకొచ్చింది.

“నన్ను తిట్టవే పద్మా. నీమీద ఉన్నవీ లేనివీ అన్నీ సెప్పేసేను. నువ్వెళ్ళిపోతే నేనెవరితో ఆడతానే? పాపిష్టిదాన్ని, నీ పెళ్ళి సెడగొట్టేను.”

“నువ్వన్నవన్నీ ఆవిడే సెప్పింది, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకుంటూ. ఒప్పుకుంది కూడా.”

నీలవేణి మంచమ్మీద కూలబడింది. “అన్నీ విని కూడానా?”

“విన్నాకే ఒప్పుకుంది. మద్రాసు ఎల్లి ఆడమంది. వాళ్ళ తోటలో టెన్నిసు కోర్టు కూడా ఏయిస్తారట.”

“ఏయించుకో! ఒక్కదానివీ గోడకేసి కొట్టుకో!” అని భోరుమంది నీలవేణి. తొమ్మిదేళ్ళ నేస్తం ఇంత సులువుగా మారిపోతుందా అని గుండె మండిపోయింది దానికి.

పద్మ పక్కన కూర్చుని దాని గడ్డం పట్టుకుంది. “ఒసే, ఏడుపాపి విను. నరసింగరావు గారికీ నాకూ జ్యేష్ఠంలోనే ఖాయమైపోయిందే. తాంబూలాలయ్యేదాకా ఎవరికీ సెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకుంది.”

నీలవేణి ముక్కు తుడుచుకుంటూ తలెత్తింది. “అన్నీ అయిపోతే, మరి ఇయాల ఈళ్ళెందుకొచ్చేరే?”

“నీ పెళ్ళిసూపులకే, మొద్దూ!”