మీ కంప్యూటర్‌కి నలతగా ఉంది

హెడ్ గుమాస్తా తన కంప్యూటర్ మీద అరచెయ్యి ఆనించి జ్వరం చూశాడు.

పదకొండో నంబరు బల్ల దగ్గరున్న కొత్త గుమాస్తాకు నవ్వు ఆగలేదు. ఫైలు అడ్డం పెట్టుకుని కడుపు పట్టుకున్నాడు. హెడ్ గుమాస్తాకు టైపు చేయడమంటే మీటల మీద మేకులు దిగ్గొట్టడమే. నిమిషం కిందట ఆయన తెర మీద చిన్న డబ్బా తెరుచుకుంది. "నేను మీ కంప్యూటర్ని. ఒంట్లో నలతగా ఉంది. మెల్లిగా కొట్టండి." ఆ కబురు పంపింది కొత్త గుమాస్తానే.

నీటి మీటర్లు అమ్మే ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ తీగలతో కలిపారు. బల్ల నంబరు కొట్టి, నాలుగు మాటలు రాసి, మీట నొక్కితే చాలు, అవతలివాళ్ళ పని మధ్యలో డబ్బా ఊడిపడుతుంది. ఈ విద్యను అతను బీరువాలో దొరికిన ఓ పాత పుస్తకం చదివి పట్టాడు. ఆఫీసులో మరెవరికీ ఇది రాదని అతని గట్టి నమ్మకం. వచ్చుంటే ఈపాటికి తన తెర మీద కూడా ఒక డబ్బా తెరుచుకునేది కదా!

హెడ్ గుమాస్తా కళ్ళజోడు సవరించుకుని కబురు మళ్ళీ చదివాడు. హాలంతా కలయజూశాడు. ఆ చూపు పదకొండో బల్ల మీద కాసేపు ఆగింది. తర్వాత నాలుగు ఫైళ్ళు చంకన పెట్టుకుని నేరుగా అక్కడికే వచ్చాడు.

"అబ్బాయ్, మా కంప్యూటర్‌కి ఒంట్లో బాగాలేదురా. ముట్టుకోవాలంటే భయంగా ఉంది. ఈ నాలుగూ నువ్వు చూసిపెట్టవా?"

"దానికేం భాగ్యం సార్!"

ఇంత అమాయకుణ్ణి హెడ్ గుమాస్తాగా ఎవరు పెట్టారా అని నవ్వుకుంటూ, కొత్త గుమాస్తా ఏడింటిదాకా కూర్చుని నాలుగు ఫైళ్ళూ ముగించాడు.

ఇక అతనికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. టైపిస్టు అక్కయ్యకు "నేను మీ మౌసుని. కాలు బెణికింది" అని పంపాడు. ఆవిడ మౌసుకు చేతిరుమాలుతో కట్టు కట్టింది.

"తమ్ముడూ, ఇది కోలుకునేదాకా నా ఉత్తరాలు కొట్టిపెడతావా? పాపం, దీని బాధ చూడలేకపోతున్నాను."

కొట్టిపెట్టాడు. మౌసు కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది.

స్టోరు చూసే ఆయనకు "మీ గొంతు వింటే నాకు దడ. నా దగ్గర మాట్లాడకండి" అని పంపాడు. ఆ మనిషి ఆ రోజు నుంచి సైగలే. ఫోను మోగితే పదకొండో బల్ల వైపు వేలు చూపించడం మొదలుపెట్టాడు. తన వల్లే కదా అని జాలిపడి, కొత్త గుమాస్తా ఆయన ఫోన్లన్నీ ఎత్తాడు.

"ఆఫీసంతా నా చేతిలో కీలుబొమ్మ అనుకో" అని పెళ్ళాడబోయే పిల్లకు ఫోన్లో గొప్పలు చెప్పుకున్నాడు.

"ఆ ఆటలు కట్టిపెట్టు" అంది ఆ పిల్ల. "రేపటితో నీ ఆరు నెలలూ నిండుతాయి. ఉద్యోగం పర్మినెంటయిందని కాగితం చూస్తే గానీ మా నాన్న పెళ్ళి మాట ఎత్తనివ్వడు. ఒక్కరోజు ఆ వేళ్ళు ముడుచుకుని కూర్చోలేవా?"

కూర్చోలేకపోయాడు. మర్నాడు పొద్దున్నే ఒకటో నంబరు బల్లకు, అంటే సాక్షాత్తూ మేనేజరుకు, కబురు వెళ్ళింది. "నేను మీ కంప్యూటర్ని. మీ అరుపులకు నాకు తలనొప్పి వస్తోంది."

రెండు నిమిషాల్లో మేనేజరు గది తలుపు భళ్ళున తెరుచుకుంది.

"నా కంప్యూటర్‌కి మాటలు నేర్పిందెవడు?" హాలు దద్దరిల్లింది. "ఇలాంటివాడికి ఈ ఆఫీసులో ఇదే ఆఖరి రోజు!"

కొత్త గుమాస్తాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పెళ్ళీ, పిల్లా, కాబోయే మామగారూ కళ్ళ ముందు వరసగా తిరిగి వెళ్ళిపోయారు.

"పదకొండో నంబరు! నువ్వు లోపలికి రా."

వెళ్ళాడు. కాళ్ళు మాత్రం హాల్లోనే ఉండిపోయినట్టనిపించింది. బల్ల మీద అతని ఉద్యోగం కాగితం ఉంది. మేనేజరు దాన్నీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"నలుగురి పని నువ్వొక్కడివే చేస్తున్నావట. నిన్ను పంపిస్తే మేం కూడా వెళ్ళిపోతామని మీ సెక్షనంతా నిన్ననే వచ్చి నా మీద పడ్డారు." సంతకం గీసేశాడు. "నేటితో నువ్వు పర్మినెంటు."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచివాళ్ళనా ఇన్నాళ్ళూ ఆడించిందని మొదటిసారి సిగ్గుపడ్డాడు.

"ఇదిగో, ఈ కట్ట కూడా పట్టుకెళ్ళు. సంవత్సరం నివేదిక. నేనే రాద్దామనుకున్నాను గానీ, నా కంప్యూటర్‌కి తలనొప్పిట."

"అలాగే సార్." గుమ్మం దాకా వెళ్ళి, ఉండబట్టలేక ఆగాడు. "మరి... ఆ కబుర్లు పంపేవాడి సంగతి?"

"వాడి సంగతి నేను చూసుకుంటాలే."

బతుకుజీవుడా అనుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూలబడ్డాడు. అక్కయ్య చప్పట్లు కొట్టింది. స్టోరు ఆయన సైగలు మరిచిపోయి "శభాష్!" అని అరిచాడు. హెడ్ గుమాస్తా మాత్రం వంగి, చాలా మెల్లిగా, ఏదో టైపు చేసుకుంటున్నాడు.

అప్పుడే, ఆరు నెలల్లో మొట్టమొదటిసారి, కొత్త గుమాస్తా తెర మీద ఒక డబ్బా తెరుచుకుంది, అందులో "అభినందనలు" అన్న మాటకు పైన, ఎవరు ఎవరికి పంపినా ప్రతి కబురుకూ కంప్యూటర్ తనంతట తానే వేసే మొదటి వరుస లావుపాటి అక్షరాల్లో కనిపించింది: "పంపినవారు: హెడ్ గుమాస్తా, రెండో నంబరు బల్ల."