కిట్టని బ్రదరు

"బోరా? మా పొలానికి బోరెందుకయ్యా, కాలవ నీళ్ళుండగా!" కోవిడ్ వార్డు మంచం మీంచి కసిరాడు రామకోటేశ్వరరావు.

"బోరు కాదండీ, బోర్లా! బోర్లా పడుకోండి. ఆక్సిజన్ ఎనభై నాలుగుకొచ్చింది. ఇంకా దిగితే వెంటిలేటరే," అన్నాడు శౌరయ్య, వార్డులో అందరూ 'బ్రదరూ' అని పిలిచే మగ నర్సు. రెండు మాస్కులు, పైన ప్లాస్టిక్ షీల్డు. ఏ మాటైనా బయటికొచ్చేసరికి సగం తరుగు పోతోంది.

రామకోటేశ్వరరావు గవర్నర్‌పేటలో హోల్‌సేల్ వ్యాపారి. గుమాస్తాల్ని అదిలించిన నోరు ఆక్సిజన్ పెట్టినా ఊరుకోదు. నిలువెల్లా పీపీఈ కిట్టులో ఉన్న శౌరయ్య ఆయనకి బొత్తిగా కిట్టలేదు.

"ఆడవాళ్ళ ఉద్యోగం చేసుకుంటూ నాకు చెప్పొచ్చావా? డాక్టరుగార్ని పిలవ్వయ్యా. ఆయన చెబితే శీర్షాసనమైనా వేస్తా."

"ఆయనొచ్చేలోపు ఒక్క పది నిమిషాలు..."

"పదో క్లాసు వాడి మాట పది సెకన్లు కూడా వినను!"

"బీయస్సీ నర్సింగండీ నేను."

"ఎంబీబీయస్సు కాదుగా!"

తెర మీద అంకె ఎనభై రెండుకి జారింది. శౌరయ్య పల్సు చూసి, ఫోను తీసుకుని బయటికి పరుగెత్తాడు.

కాసేపటికి ఇంకో కిట్టు లోపలికొచ్చింది. కిట్టుల్లో అందరూ ఒకేలా ఉంటారు గనక వార్డులో ఎవరి పేరు వాళ్ళు ఛాతీ మీద మార్కరుతో రాసుకుంటారు. దీని మీద "డా. లక్ష్మీకాంత్" అని ఉంది.

"బోర్లా పడుకోండి."

"చిత్తం డాక్టరుగారూ!" చిత్తం అన్నవాడు చటుక్కున బోర్లా పడ్డాడు. గంటలో అంకె తొంభై మూడు.

"చదువంటే అదీ!" అన్నాడు దిండులోకి.

ఆ పది రోజులూ ఆ డాక్టరే ఆయన్ని తిప్పి పడుకోబెట్టాడు, జావ తాగించాడు, గడ్డం గీశాడు. డాక్టర్లు గడ్డాలు కూడా గీస్తారా అన్న అనుమానం మాత్రం రామకోటేశ్వరరావుకి రాలేదు.

డిశ్చార్జి రోజు భార్య ఇందిరాదేవి డాక్టరుగారికని శాలువా తెచ్చింది. రిసెప్షన్లో డాక్టరుతో సహా అందరి ముందూ రామకోటేశ్వరరావు గొంతు పెంచాడు.

"నా ప్రాణదాత లక్ష్మీకాంత్ గారు! ఆ శౌరయ్యని మాత్రం ఉద్యోగంలోంచి పీకాల్సిందే. లేకపోతే మా బజారు వాళ్ళెవరూ ఈ ఆస్పత్రి గుమ్మం తొక్కరు."

లక్ష్మీకాంత్ శాలువా అందుకుని, పక్కనే తల దించుకుని నిలబడ్డ శౌరయ్య భుజాల మీద కప్పాడు.

"కిట్టు మీద పేరే నాదండీ, లోపల మనిషి ఇతనే. రాసుకోమని ఫోన్లో చెప్పింది నేనే."

"మరి తమరు?"

"ఆ పది రోజులూ పక్క వార్డులో కోవిడ్‌తో బోర్లా పడుకుని ఉన్నాను... శౌరయ్య చెబితే!"