ప్యాకెట్ మీద అమ్మ

"అమ్మగారి నవ్వు కొంచెం పెంచాం సార్," అంటూ డిజైనరు కొత్త బిస్కెట్ ప్యాకెట్ బొమ్మను బల్ల మీద పరిచాడు.

"బతికుండగా అమ్మ ఎప్పుడైనా ఇలా నవ్విందా అన్నయ్యా?" అంది చెల్లెలు.

"మొహం మాడ్చుకుంటే సరుకు కదలదే," అన్నాడు కంపెనీ నడిపే అన్న.

"పోనీ, పుట్టుమచ్చయినా పెట్టించు. మొదటి ప్యాకెట్‌కే చెరిపించేశావు."

"పెట్టేద్దాం మేడమ్. ఏ చెంప మీద?"

"కుడి," అంది చెల్లెలు.

"ఎడమ," అన్నాడు అన్న.

ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంట్లో గోడకున్న అమ్మ ఫొటో కూడా ప్యాకెట్ మీది బొమ్మే.

"బిస్కెట్ పేరు ఎటు వస్తుంది?" డిజైనర్ని అడిగాడు అన్న.

"ఎడమవైపు సార్."

"అయితే మచ్చ కుడివైపు పెట్టండి. అడ్డం రాదు."

చెల్లెలు సరేనన్నట్టు తలూపింది.