మొదటి పేరా

మొదటి పేరా దగ్గరే హిమజ ఆగిపోయింది.

మారేడ్‌పల్లిలో ఆమె ఇంటి ముందుగదే అనువాదాల ఆఫీసు. ఎదురుగా కుర్చీల అంచున వరహాలు, అతని భార్య అమ్మన్నమ్మ కూర్చున్నారు. వాళ్ల కొడుకు లోవరాజు ఏడాది కిందట ఓ మంచుదేశానికి వెళ్లాడు. క్యాంటీన్‌లో వంటపని. నిన్న ఫోన్ చేశాడు. గరిటె లాక్కుని తుపాకీ ఇచ్చారట. సోమవారం యుద్ధానికి పంపుతారట.

"బేగంపేటలో ఇదేశాలకెళ్లినోళ్ల గవర్నమెంటాపీసులో సెప్పారమ్మా," అన్నాడు వరహాలు. "ఒప్పందంలో వంటోడనే ఉంటే మన గవర్నమెంటోళ్లు ఆ దేశాన్ని గట్టిగా అడుగుతారంట. ఆళ్ల బాసలో ఉన్న అసలు కాయితాన్ని మాటకి మాట తర్జుమా చేయించి తెమ్మన్నారు."

లోవరాజుని పంపిన ఏజెంటు అప్పట్లో ఇచ్చిన తెలుగు కాపీ కూడా బల్ల మీద పెట్టాడు. హిమజ దాన్ని ముట్టుకోలేదు.

"వంటమనిషి అనే ఉంది," అంది.

అమ్మన్నమ్మ రెండు చేతులూ జోడించింది. "సూసావా, నాను సెప్పనేదా!"

"అది రెండో పేరా అమ్మా."

"మొదటి దాన్లో ఏటుంది?"

హిమజ మెల్లగా చదివింది. "ఈ మహారాజ్యం ఒకప్పుడు ఏలిన నేలంతా ఇప్పటికీ దానిదే. ఆ నేలను తిరిగి తెచ్చుకోవడం మన ధర్మం. ఇక్కడ జీతం తీసుకునే ప్రతి మనిషీ, ఏ పనిలో ఉన్నా, ఆ ధర్మానికి సైనికుడే."

"అక్కడింకా రాజులున్నారేటి?" అన్నాడు వరహాలు.

"లేరు. రాజ్యం పోయి వందేళ్లయింది. పొగరు మిగిలింది."

"మరి ఈ ముక్క తెలుగు కాపీలో నేదే! మావోడు మొత్తం చదివి ఇనిపించాడు."

"రాసినవాళ్లు వదిలేశారు. అక్కడ షాపు అద్దె కాగితం కూడా ఈ పేరాతోనే మొదలవుతుంది. ఉత్త గొప్పలే కదా అని ఎవరూ అనువదించరు."

"ఆళ్ల గొప్పలకి మావోడు సావాలా?"

హిమజ తెల్లకాగితం దగ్గరికి లాక్కుంది.

అమ్మన్నమ్మ ముందుకు వంగింది. "నువ్వూ ఒగ్గేసి రాసేయమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"అసలు కాగితం ఆ దేశంవాళ్ల దగ్గర కూడా ఉంటుంది కదమ్మా. మన ప్రభుత్వం అడిగినా ఈ పేరానే చూపిస్తారు."

"ముందు రాసినోడెవడో గానీ, ఆడి సెయ్యి పడిపోను!"

"తిట్టకే," అన్నాడు వరహాలు. "ఆడికేటి తెలుసు పాపం."

హిమజ తల వంచుకుని రాసింది. ఒక్క మాటా వదల్లేదు. రాశాక కాగితం వాళ్లవైపు జరిపింది.

"ముద్ర ఎయ్యలేదమ్మా," అన్నాడు వరహాలు. "అది నేకపోతే ఆపీసులో తీసుకోరు."

ఆమె సొరుగు తెరిచి గుండ్రటి ముద్ర తీసింది. సిరాలో అద్దింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పాత తెలుగు కాపీ అడుగున ఏడాదిగా ఉన్న నీలం గుర్తు కూడా ఆ ముద్రదే.